బి.ఏ. రాజనీతి చదివితే ఏమొస్తుంది? మద్రాసు తెలుగువాళ్ల చరిత్ర చెప్పే జవాబు



ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లలో రెండు నెలల పాటు ఒకటే మాట. ఇంజనీరింగా, మెడిసినా, లేకపోతే బీకామ్ చేసి సీఏనా? ఇవేవీ కాదని పిల్లలెవరైనా "పొలిటికల్ సైన్స్ చదువుతాను" అంటే ఇల్లంతా ఒక్క నిమిషం చప్పబడిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు మీకు తెలిసినవే. "అది చదివి ఏం చేస్తావు? రాజకీయాల్లో చేరతావా? ఎవరిస్తారు ఉద్యోగం?" అడిగేవాళ్లు పిల్లల మీద ప్రేమతోనే అడుగుతారు. అందులో తప్పు లేదు. కానీ మన సంఘం ఏటా ఇచ్చే చదువు సాయంలో కూడా ఆర్ట్స్ చదివే పిల్లల వంతు చివరికే వస్తోంది. డబ్బు మిగిలితే ఇస్తాం, లేకపోతే లేదు. ఈసారి కార్యవర్గం ఆ జాబితా మళ్లీ రాసుకోబోతోంది కాబట్టి, దానికి ముందు ఈ ఊళ్లో మన తెలుగువాళ్లకీ ఈ చదువుకీ ఉన్న సంబంధం గురించి నాలుగు మాటలు రాద్దామనిపించింది. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు దగ్గరే ఒక చిక్కుంది. మన వాడుకలో "రాజకీయం" అంటే పార్టీలు, జెండాలు, మైకులు. ఇంకొంచెం ముందుకెళ్తే ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య కూడా "రాజకీయం" అనే అంటాం. రాజనీతి శాస్త్రం దాని గురించి కాదు. ఆ శాస్త్రం అడిగే ప్రశ్నలు మూడు. మన మీద నియమాలు పెట్టేదెవరు? వాళ్లకా అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ నియమం సరిగ్గా లేదనిపిస్తే దాన్ని మార్చే దారేది? ప్లేటో, కౌటిల్యుడి నుంచి అంబేడ్కర్ దాకా మూడేళ్లలో చదివేదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఇంటి పన్ను నోటీసు అందుకున్నవాడెవడికీ ఈ ప్రశ్నలు పరాయివి కావు.

ఈ ఊరి పాలనలో మనవాళ్ల చెయ్యి కొత్తగా పడిందేమీ కాదు. 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. మన దేశంలో ఇదే మొదటిది. మేయరు ఇంగ్లీషువాడే. కానీ మొదటి ఆల్డర్మన్లలో చిన్న వెంకటాద్రి లాంటి స్థానిక వర్తకులూ ఉన్నారు. అప్పటి ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్లని "జెంటూలు" అనేవారు, తెలుగుని జెంటూ భాష అని రాసుకున్నారు. అయితే ఆ వర్తకులు కూర్చున్నది కంపెనీ పిలిచి వేసిన కుర్చీలో. పిలిస్తే వెళ్లి కూర్చోవడం వేరు, "నా కుర్చీ ఏది?" అని అడగడం వేరు. ఆ రెండోది చెయ్యడానికి చదువు కావలసి వచ్చింది. దానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

ఆ చదువు ఎలా వచ్చిందో చూద్దాం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ మూలాలు 1837లో ఉన్నాయి, ప్రెసిడెన్సీవి 1840లో, పచ్చయప్పవి 1842లో. 1857లో విశ్వవిద్యాలయం వచ్చింది. నెల్లూరు, గుంటూరు, గోదావరి జిల్లాల కుర్రాళ్లు పట్టా కోసం ఈ ఊరికే రావాలి. రైలు దారి పూర్తిగా పడకముందు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి రాజనీతి అని విడిగా ఒక సబ్జెక్టు లేదు. చరిత్ర పాఠంలోనే, ఒక మూల, ఇంగ్లండు రాజ్యాంగ చరిత్ర రూపంలో అది దాక్కుని ఉండేది. పార్లమెంటు రాజుని ఎలా అదుపులో పెట్టింది, పన్ను వెయ్యాలంటే ప్రజల ప్రతినిధుల ఒప్పుకోలు ఎందుకు కావాలి, ఇవన్నీ పరీక్షలో రాయాలి. పాలకులకి కావలసింది దస్తూరీ బాగుండి, ఇంగ్లీషులో చిత్తు రాయగలిగిన గుమాస్తాలు, తహసీల్దార్లు. కానీ లండన్‌లో పన్నుకి ప్రజల ఒప్పుకోలు కావాలని రాసి మార్కులు తెచ్చుకున్న కుర్రాడు సెలవులకి ఊరెళ్లి తండ్రి కట్టే శిస్తు రసీదు చూస్తే ఏమనుకుంటాడు? "మరి ఇక్కడో?" అనుకుంటాడు. పాఠం చెప్పినవాళ్లు ఆ ప్రశ్న వద్దనుకున్నా అది రాకుండా ఆగదు.

ఆ "మరి ఇక్కడో?" అన్న ప్రశ్నని జీవితమంతా పట్టుకున్న మనిషి ఒకరున్నారు. మామిడిపూడి వెంకటరంగయ్య గారు. 1889లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చదివారు. తర్వాత కాకినాడలోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పి, బొంబాయి విశ్వవిద్యాలయంలో రాజనీతి ఆచార్యులయ్యారు. 1968లో పద్మభూషణ్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో స్వాతంత్ర్య పోరాట చరిత్రని నాలుగు సంపుటాలుగా కూర్చింది ఆయనే. మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? సినిమా వాళ్ల తాతల పేర్లు కూడా చెప్పే మనం, ఈ పేరు దగ్గర మాత్రం తడుముకుంటాం.

ఆయన పుస్తకాల్లో ఒకటి 1928లో వచ్చింది. విషయం ఏమిటంటే, మద్రాసు రాజధానిలో స్థానిక పన్నులు ఎలా మొదలయ్యాయి అన్నది. 1863 నుంచి 1871 దాకా, ఎనిమిదేళ్ల కథ. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ లోపల ఉన్న సంగతి చూడండి. 1857 తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం చేతిలో డబ్బు లేదు. రోడ్లు కావాలి, బడులు కావాలి, ఆసుపత్రులు కావాలి. సరే, ఊళ్లే కట్టుకోవాలి అన్నారు. 1865లో పట్టణాలకి ఒక చట్టం, 1866లో రోడ్డు సెస్సు, 1871లో స్థానిక నిధుల చట్టం. భూమి శిస్తు మీద అదనంగా సెస్సు పడింది. ఆ డబ్బు ఖర్చు చేసే బోర్డుల్లో సభ్యులెవరు? ప్రభుత్వ అధికారులు, ప్రభుత్వం ఎంచుకున్న పెద్దమనుషులు. కట్టేది రైతు, ఖర్చు పెట్టేది కలెక్టరు. 1882లో రిప్పన్ దొర తీర్మానం తర్వాతే, 1884 చట్టాలతో, ఎన్నికైన సభ్యులకి కాస్త చోటు దొరికింది.

లండన్ పార్లమెంటు గురించి రాయడానికి అప్పటికే బోలెడుమంది ఉన్నారు. వెంకటరంగయ్య గారు మాత్రం నెల్లూరు రైతు కట్టిన సెస్సు గురించి రాశారు. పెద్ద సిద్ధాంతాన్ని మన గడప మీద పెట్టి పరీక్షించడం అంటే ఇదే. ఆ తర్వాత స్వతంత్ర భారతంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, 1952లో బొంబాయి నగరంలో ఎన్నిక ఎలా నడిచిందో పరిశీలించి పుస్తకం వేశారు. ఎన్నికల మీద ఇవాళ టీవీల్లో గంటల కొద్దీ విశ్లేషణలు వింటున్నాం కదా. మన దేశంలో ఒక ఎన్నికని శాస్త్రీయంగా చదవాలనుకున్న తొలి ప్రయత్నాల్లో ఒకటి మద్రాసులో చదువుకున్న ఒక తెలుగు పంతులుగారిది.

ఈలోగా మద్రాసులో ఆ చదువు చరిత్ర చాటు నుంచి బయటికి వచ్చింది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం రాజనీతి, ప్రభుత్వ పాలనల్లో డిప్లొమా మొదలుపెట్టింది. ప్రభుత్వ పాలనని ఒక విద్యగా నేర్పడంలో దేశంలో ఇదే మొదటి అడుగని ఆ శాస్త్రం పుస్తకాలు చెబుతాయి. సంవత్సరం గుర్తుపెట్టుకోండి. 1935 చట్టం కింద ఎన్నికలు జరిగి, మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం గద్దెనెక్కింది కూడా 1937లోనే. మన బులుసు సాంబమూర్తి గారు శాసనసభ స్పీకరయ్యారు. మనవాళ్లే పాలించే రోజు దగ్గరికొస్తుంటే, పాలించడం ఎలాగో చదువుకోవలసిన అవసరమూ దగ్గరికొచ్చింది. లొయోలా కాలేజీలో పాఠాలు చెప్పిన అప్పాదొరై గారు 1942లో రాజనీతి మీద ఒక ఇంగ్లీషు పాఠ్యపుస్తకం వేశారు. తర్వాత కొన్ని తరాల బి.ఏ. విద్యార్థులు, సివిల్ సర్వీసు రాసేవాళ్లు దేశమంతటా దాన్ని చదివారు. ఆ పుస్తకం మన ఊరి తరగతి గదుల నుంచి పుట్టింది.

1937లోనే మద్రాసులో ఇంకొకటి కూడా మొదలైంది. ఆంధ్ర మహిళా సభ. దాని పేరు మన సంఘంలో వినని వాళ్లుండరు. కానీ దాన్ని పెట్టిన దుర్గాబాయి గారు బి.ఏ.లో ఏం చదివారో ఎంతమందికి తెలుసు? రాజనీతి శాస్త్రమే.

ఆవిడ కథ చాలామందికి సగమే తెలుసు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లి చేశారు, తర్వాత ఆవిడ ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చేశారు. బడి చదువు మధ్యలో ఆగింది. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి మద్రాసులో ముందు నిలబడ్డారు, జైలుకెళ్లారు, ఒంటరి గదిలో కూడా ఉన్నారు. జైలు నుంచి బయటికి వచ్చాక చాలామంది నాయకులయ్యారు. ఆవిడ విద్యార్థిని అయ్యారు. బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష కట్టి పాసయ్యారు. తర్వాత బి.ఏ. ఆనర్స్ రాజనీతి చదువుతానని వాల్తేరు వెళ్లారు.

ఆ వాల్తేరు విశ్వవిద్యాలయం కూడా మద్రాసు శాసనసభలో పుట్టినదే. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అప్పటి నుంచి తెలుగువాళ్లు రాష్ట్రం కావాలి, విశ్వవిద్యాలయం కావాలి అని అడుగుతూ వచ్చారు. 1926లో మద్రాసు శాసనమండలి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం చేసింది. విద్యామంత్రి ఏ.పి. పాత్రో గారు. మొదటి ఉపాధ్యక్షుడు, అంటే వైస్ ఛాన్సలర్, కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయనా మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి కేంబ్రిడ్జి వెళ్లినవారే.

దుర్గాబాయి గారు చేరతానని వెళ్తే, ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు రెడ్డి గారు. అదీ జవాబే కదా, చాలామంది అక్కడితో వెనక్కి వచ్చేస్తారు. ఈవిడ పేపర్లో ప్రకటన వేశారు. హాస్టలు లేక చదువు మానుకున్న అమ్మాయిలెవరైనా ఉంటే తనకి రాయమని. రాశారు. అందరూ కలిసి ఇల్లు చూసుకుని, తామే హాస్టలు పెట్టుకున్నారు. "హాస్టలు లేదన్నారు, ఇదిగో హాస్టలు" అన్నాక కాదనడానికి ఇంకేముంది? సీటిచ్చారు. రాజనీతి పాఠం ఆవిడ తరగతిలో అడుగు పెట్టకముందే మొదలైందని నాకనిపిస్తుంది. నియమం అడ్డొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ నియమం ఏ కారణం మీద నిలబడిందో చూసి, ఆ కారణాన్ని తీసేశారు. ఆ రోజుల్లో అదే విశ్వవిద్యాలయంలో వెంకటరంగయ్య గారు ఆచార్యులు.

పట్టా తీసుకుని మద్రాసు తిరిగొచ్చి న్యాయశాస్త్రం చదివారు. 1942లో లా పట్టా పుచ్చుకుని మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకి ఎన్నికయ్యారు. ఆ సభలో స్త్రీలు మొత్తం పదిహేనుమంది. సభాపతి లేనప్పుడు సభ నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ దుర్గాబాయి గారు. మన నెల్లూరు జిల్లా నుంచి వచ్చి మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా పేరు పొందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు అదే సభలో ముసాయిదా సంఘం సభ్యులు.

అక్కడ ఆవిడ చేసిన ఒక పని చెబుతాను. రాజ్యసభలో కూర్చోవాలంటే కనీసం 35 ఏళ్లుండాలని ముసాయిదాలో ఉంది. దుర్గాబాయి గారు 30 చాలని సవరణ పెట్టారు. వయసు పెరిగితేనే తెలివి పెరుగుతుందనుకోవడం పాతమాట, ఇప్పటి పిల్లలు పౌరుల హక్కులూ బాధ్యతలూ చదువుకుని వస్తున్నారు అన్నది ఆవిడ వాదన సారం. సభ ఒప్పుకుంది. ఇవాళ రాజ్యాంగంలో 84వ అధికరణం తీసి చూడండి, రాజ్యసభకి 30 అనే ఉంటుంది. ఆ అంకె వెనక మైలాపూరు వీధుల్లో తిరిగిన ఒక తెలుగావిడ ఉన్నారు. బడి మానేసిన పిల్ల, రాజనీతి చదివి, దేశ రాజ్యాంగంలో ఒక అంకె మార్చారు. "అది చదివి ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

సరే, అది స్వాతంత్ర్యం నాటి కథ, ఇవాళ మనకేమిటి అంటారా? ఇవాళే ఎక్కువ అవసరం. ఎందుకో చెబుతాను.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ఈ ఊళ్లోనే, సాంబమూర్తి గారింట్లో, ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. ఆ రోజు దాకా మనం ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద భాషల్లో ఒక భాష వాళ్లం. మంత్రులు, స్పీకర్లు మనవాళ్లుండేవారు. ఆ తర్వాత, ఇల్లు కదలకుండానే, వీధి మారకుండానే, మనం భాషా మైనారిటీ అయ్యాం. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. అంటే వందకి ఆరుగురికి కాస్త తక్కువ.

మైనారిటీ అయిన రోజు నుంచి మన పిల్లల బడి, మన భాష, మన సంఘాలు నడిపే స్కూళ్లు, అన్నీ కొన్ని వాక్యాల మీద నిలబడి ఉన్నాయి. ఆ వాక్యాలు రాజ్యాంగంలో ఉన్నాయి. 29వ అధికరణం మన భాషనీ లిపినీ సంస్కృతినీ కాపాడుకునే హక్కిస్తుంది. 30వది భాషా మైనారిటీలు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కిస్తుంది. ఇవి ప్రాథమిక హక్కులు. భంగం కలిగితే నేరుగా కోర్టుకెళ్లొచ్చు. 1956లో చేర్చిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు గురించి చెబుతుంది. కానీ దాని మాట వేరు. రాష్ట్రం అందుకు "ప్రయత్నించాలి" అంటుంది. "ఇవ్వాలి" అనడానికీ "ప్రయత్నించాలి" అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో, ఏ ఆఫీసులో ఏ మాట పట్టుకుని అడగాలో, అది చదువుకున్నవాళ్లకే తెలుస్తుంది. మనం వేదిక మీద ఉపన్యాసాల్లో మూడూ కలిపి ఒకే గాటన కట్టేస్తాం.

మైనారిటీ అంటే ఎవరు, దేశాన్ని బట్టా రాష్ట్రాన్ని బట్టా, అన్న ప్రశ్న కూడా 2002లో సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ముందు తేలింది. రాష్ట్రాన్నే కొలతగా తీసుకోవాలన్నారు. అందుకే దేశం మొత్తంలో కోట్లమంది ఉన్న తెలుగువాళ్లం తమిళనాడులో మైనారిటీ. అదే లెక్కన చిత్తూరు జిల్లాలో తమిళం మాట్లాడే కుటుంబం ఆంధ్రప్రదేశ్‌లో మైనారిటీ. ఇక్కడ మనం ఏది అడుగుతున్నామో అక్కడ వాళ్లకీ అదే ఇవ్వాలి. మనకో న్యాయం, ఊరివాళ్లకో న్యాయం ఉండకూడదు కదా. ఈ సమతూకం నేర్పేది కూడా ఆ చదువే.

2006లో వచ్చిన తమిళ బోధన చట్టం సంగతి మీలో చాలామంది ఇళ్లలో అనుభవమే. ఒకటో తరగతి నుంచి మెట్టుమెట్టుగా వచ్చి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీ పిల్లలకి తమిళం పరీక్ష నుంచి మినహాయింపు కోసం ఏటా కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాదికి మినహాయింపు పొడిగించింది. పిల్లలు తమిళం నేర్చుకోవాలా అంటే, తప్పకుండా నేర్చుకోవాలి. ఉన్న ఊరి భాష రాకపోతే ఉప్పూ పప్పూ కొనుక్కోవడమే కష్టం. నా ప్రశ్న అది కాదు. ఆ ఏళ్లన్నీ మన పిల్లల తరఫున కాగితం రాసినవాళ్లు, చట్టంలో ఏ సెక్షను ఎవరికి వర్తిస్తుందో చదివి చెప్పినవాళ్లు ఎంతమంది? చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనకి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు వందలున్నారు, డాక్టర్లున్నారు, ఆడిటర్లున్నారు. ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి వస్తే కూర్చుని చదివి, ఇది మనకి మేలా కీడా, ఎక్కడ అభ్యంతరం చెప్పాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి అని వివరించే పిల్లలు లేరు.

భాష సంగతి పక్కన పెట్టి, వీధి సంగతి చూద్దాం. మన చెన్నై కార్పొరేషన్‌కి 2011లో ఎన్నికలయ్యాయి. 2016లో గడువు అయిపోయింది. తర్వాతి ఎన్నిక ఎప్పుడు జరిగింది? 2022 ఫిబ్రవరిలో. అయిదేళ్లకి పైగా మన వార్డుకి కౌన్సిలరు లేడు. దోమల మందు కొట్టలేదన్నా, కాలవ పూడిక తియ్యలేదన్నా చెప్పుకోవడానికి మనం ఎన్నుకున్న మనిషి లేడు. రాజ్యాంగం 243యూ అధికరణం మాత్రం గడువు తీరకముందే ఎన్నిక పూర్తవాలని స్పష్టంగా చెబుతుంది. మరి ఎందుకు జరగలేదు? వార్డుల విభజన, రిజర్వేషన్లు, కోర్టు కేసులు, ఇలా పెద్ద కథ ఉంది. ఆ కథ వెతకడమే బి.ఏ. రాజనీతిలో ఒక మంచి ప్రాజెక్టు. 1871లో పన్ను కట్టినా బోర్డులో మాట లేని రైతు గురించి వెంకటరంగయ్య గారు రాసిన ప్రశ్న, మొన్నటి దాకా చెన్నైలో ఇంటి పన్ను కట్టిన మనందరి ప్రశ్న కూడా అయింది.

ఇక ఉద్యోగం మాట. దాని గురించి మెరమెచ్చు మాటలు చెప్పను. బి.ఏ. రాజనీతి పట్టా ఒక్కటి పట్టుకుని బయటికొస్తే క్యాంపస్‌లో కంపెనీలు వరస కట్టవు. ఇది తలుపు మాత్రమే, ఇల్లు కాదు. ఆ తలుపు తీసుకుని మూడేళ్ల ఎల్‌ఎల్‌బికి వెళ్లొచ్చు, ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. చెయ్యొచ్చు, పత్రికా రంగానికి, అధ్యాపక వృత్తికి, విధానాల మీద పరిశోధన చేసే సంస్థలకి వెళ్లొచ్చు. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో రాజ్యాంగం, పాలన, సామాజిక న్యాయం, అంతర్జాతీయ సంబంధాలు కలిపి 250 మార్కుల జనరల్ స్టడీస్ పేపరు ఒకటి అందరూ రాయాలి. రాజనీతిని ఐచ్ఛికంగా తీసుకుంటే ఇంకో 500. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే తమిళం అర్హత పేపరు పాసవ్వాలన్న నియమం ఉంది. కాబట్టి ఈ దారిలో వెళ్లే తెలుగు పిల్లలకి తమిళం చదవడం, రాయడం బాగా రావాలి. ఇది ముందే చెప్పాలి.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. ఇది చదవడం ఇష్టమున్న పిల్లలకే. వారానికి వందల పేజీలు చదవాలి, చదివిన దాని మీద సొంతంగా రాయాలి. వేరే సీటు రాలేదని ఇందులో చేర్చడం పిల్లలకీ అన్యాయం, శాస్త్రానికీ అన్యాయం. కానీ పేపరు చేతికొస్తే క్రీడల పేజీ దాటి సంపాదకీయం చదివే పిల్ల, అపార్టుమెంటు మీటింగులో "ఈ రూలు ఎవరు పెట్టారంకుల్?" అని అడిగే పిల్లాడు మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఆ ప్రశ్న నొక్కెయ్యకండి. ప్రెసిడెన్సీలోనూ, తాంబరం క్రిస్టియన్ కాలేజీలోనూ ఈ శాస్త్రం ఉంది. ప్రెసిడెన్సీలో తెలుగు శాఖ కూడా ఉంది. మన ఊరి కాలేజీల్లో మొదటి భాషగా తెలుగు తీసుకోవడానికి వీలున్న చోట దాన్ని తీసుకుంటూనే రాజనీతి చదవొచ్చు. చేరేముందు ఆ కాలేజీలోనే అడిగి కనుక్కోండి.

చివరగా మన సంఘం మాట. ఆంధ్ర మహిళా సభ మొదట చేసిన పని ఆసుపత్రి కట్టడం కాదు, భవనం కట్టడం కాదు. బడి మానేసిన తెలుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకి చదివించడం. ఒక సంఘం ఏం చెయ్యగలదో అందులోనే ఉంది. అందుకని కార్యవర్గానికి మూడు విన్నపాలు. ఒకటి, ఈసారి చదువు సాయం జాబితాలో రాజనీతి, ప్రభుత్వ పాలన, న్యాయశాస్త్రం చదివే పిల్లల్ని "మిగిలితే" అన్న వరసలో కాకుండా మిగతావాళ్లతో సమానంగా పెట్టండి. ఏడాదికి ఇద్దరు చాలు. రెండు, మన గ్రంథాలయం బీరువాలో రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి, ఇంగ్లీషు ప్రతి ఒకటి పెట్టండి. మూడు, సాయం తీసుకున్న పిల్లలు ఏడాదికి ఒకసారి వచ్చి, భాషా మైనారిటీలకి సంబంధించి ఆ ఏడాది వచ్చిన ఉత్తర్వులేమిటో, తీర్పులేమిటో మనకి తేట తెలుగులో చెప్పాలని షరతు పెట్టండి. వాళ్లకి అభ్యాసం, మనకి జ్ఞానం.

ఖర్చు ఎంతవుతుందని కోశాధికారి గారు అడుగుతారని తెలుసు. ఏటా ఉగాది సభకి పూలదండలకీ శాలువాలకీ పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుంటే సరిపోతుంది. దండ వేయించుకునే పెద్దల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

జాబితా ఖరారు చేసే సమావేశానికి వీలైనంతమంది రండి. ఒప్పుకోనివాళ్లు మరీ తప్పకుండా రండి. ఎదురువాదన విని జవాబు చెప్పడంతోనే ఆ శాస్త్రం మొదలవుతుంది.